తేదీ తప్పితే అబద్ధమేనా?

జపాన్ దాడి వల్ల 1942లో బర్మాలోని రంగూన్ నుంచి ఇండియాకి నడిచొచ్చామనే వాళ్ల కథల్లో తేదీలు కుదరట్లేదని 'కట్టుకథలు' అనే మీ వ్యాసంలో రాశారు. అనుమానించడం తప్పు కాదండీ. స్పెయిన్‌లో ఎన్రిక్ మార్కో నాజీ క్యాంపు ఖైదీనని ఏళ్ల తరబడి ఉపన్యాసాలిచ్చాడు. నిజానికి జర్మనీకి కూలిపనికి తనంతట తానే వెళ్లాడని 2005లో ఒక చరిత్రకారుడు రికార్డులు తిరగేసి బయటపెట్టాడు. అది పచ్చి మోసం, మతిమరుపు కాదు.

గుంటూరు బ్రాడీపేటలో మా పక్కింటి మామ్మగారు రంగూన్ మీద బాంబులు సంక్రాంతికి పడ్డాయనేవారు. మొదట పడింది 1941 డిసెంబర్ 23న. అయితే ఏం? దారిలో కలరాతో పోయిన తమ్ముడి మీద వాళ్లమ్మ సగం చీర చించి కప్పిందని మాత్రం ఎప్పుడడిగినా ఒకేలా చెప్పేవారు. అప్పటికి ఆరేళ్ల పిల్ల, ఆమెకు తేదీలెలా గుర్తుంటాయి? శరణార్థుల రికార్డులు వెతకండి, మిగిలిన కుటుంబాలను అడగండి. అవేవీ చేయకుండా 'కట్టుకథలు' అని హెడ్డింగ్ పెట్టడం అన్యాయం.