మహారాజశ్రీ పొదుపు లెక్క గారికి

మహారాజశ్రీ ఎక్సెల్ పొదుపు లెక్క గారి దివ్య సముఖానికి, ఇంట్లోనే కాఫీ చేసుకుని డబ్బు కూడబెడుతున్న తమ విధేయుడు నమస్కరించి వ్రాయునది. తమరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను. కడుపులో మంట. సగం తమరి వల్ల, సగం రెండు గంటల్లో రుచి చూసిన ఐదు కాఫీల వల్ల.

ఈ మధ్యాహ్నం కొత్త గింజల ప్యాకెట్ విప్పాను. 250 గ్రాములు. కప్పుకు 18 గ్రాముల చొప్పున 13 కప్పులని తమరి మూడో వరసలో రాసి ఉంది. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల ఎస్ప్రెసో, అంటే మెషీన్ ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. మొదటిది 14 సెకన్లలో కుళాయి తిప్పినట్టు కారిపోయింది. పులుపు. పొడి ఇంకా మెత్తగా వచ్చేలా గ్రైండర్ తిప్పాను. రెండోది 50 సెకన్లు దాటినా చుక్కచుక్కగా ఏడుస్తూనే ఉంది. చేదు. కాస్త వెనక్కి తిప్పాను. మూడోది సరిగ్గా 27 సెకన్లు! కానీ పొడి ఒక పక్క వదులుగా ఉండిపోయి నీళ్లన్నీ ఆ సందులోంచే దూరాయి. ఈసారి పులుపూ చేదూ రెండూ. నాలుగోసారి తూకం వేయడం మర్చిపోయాను. ఐదోది ఎందుకు చెడిందో దానికే తెలియాలి.

పాత సెట్టింగే ఉంచొచ్చు కదా అంటారేమో. గింజ మారితే అదీ మారాలి. ఒకే గింజయినా, వేయించాక రోజులు గడిచేకొద్దీ అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి కాఫీ తొందరగా దిగిపోతుంది. మళ్లీ తిప్పాలి. మళ్లీ పారబోయాలి.

ఐదు పద్దెనిమిదులు తొంభై. ప్యాకెట్‌లో మూడో వంతుకు పైగా మా సింకే తాగింది. ఆ సింకుకు తమరిలో ఒక్క వరస లేదు. సరే, మర్యాదస్తులు, మోరీల సంగతి ఎత్తరనుకున్నాను. తీరా తెరిచి చూస్తే 'ఈ రోజు ఆదా' గడిలో అంకె పెరిగి ఉంది! తీసిన ప్రతి కప్పుకూ బయట ఒక కాఫీ ఖర్చు తప్పినట్టు తమరు రాసుకుంటారట. అంటే నేను ఐదు కాఫీలు సింకులో పోసి ఐదు కాఫీల డబ్బు వెనకేశాను. ఇంకో పది పారబోస్తే ఇల్లు కట్టొచ్చు. ఇదేం లెక్క? పోయినదాన్ని వచ్చినట్టు రాసే గుమాస్తాని ఎవరైనా ఒక్క పూట ఉంచుకుంటారా? అసలు మొదటి వరసలోనే 'రోజుకు రెండు బయటి కాఫీలు' అని రాశావు. నేనెప్పుడు తాగానయ్యా రోజుకు రెండు? వారానికి మూడు తాగితే గొప్ప. ఇప్పుడు ఇంట్లో రోజుకు నాలుగు తాగుతున్నాను, ఎక్కువ తాగితే ఎక్కువ మిగులుతుందని నువ్వు చెప్పినందుకు!

నాడా దొరికిందని గుర్రం కొన్నట్టు, డిస్కౌంట్‌లో మెషీన్ దొరికిందని గ్రైండర్ కొన్నాను. బ్లేడు గ్రైండర్‌తో సగం పిండీ సగం నూకా వస్తున్నాయని, గింజల్ని సమంగా నలిపే బర్ గ్రైండర్ కొన్నాను. గ్రాములో పదో వంతు చూపించే త్రాసు కొన్నాను. బంగారం తూచేవాళ్లకు కూడా నాకున్నంత టెన్షన్ ఉండదు. సున్నం పట్టకుండా సిట్రిక్ యాసిడ్, అది నయం, చవక. కొన్నప్పుడల్లా 'పెట్టుబడి తిరిగొచ్చే నెల' జరుగుతూ పోయింది. 14వ నెల కాస్తా 41వ నెలకు చేరింది. మెషీన్ వారంటీ 12 నెలలు.

1908లో మెలిట్టా బెంట్జ్ అనే జర్మన్ ఇల్లాలు ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని బ్లాటింగ్ పేపర్ అందులో పరిచి కాఫీ వడకట్టింది. పొదుపంటే అదీ. అయినా ఆ తల్లి కూడా పేటెంట్ తీసుకుని కంపెనీయే పెట్టింది. తెలివైనవాళ్లు అమ్మే వైపు ఉంటారు.

ఐదోది పారబోశాక చెప్పులేసుకుని బయటికెళ్లి ఒక కాఫీ కొనుక్కు తాగాను. తమరి 'బయట కాఫీ' గడిలో ఇంకా సున్నాయే ఉంది. ఉండనివ్వండి.

ఇంటికొచ్చాక ఊరికే ఉండలేక ఆరోది తీశాను. 28 సెకన్లు. తేనెధారలా దిగింది, పైన మందంగా గోధుమరంగు నురగ. నిలబడే తాగేశాను. బయట తాగినదానికంటే బాగుంది. చాలా బాగుంది. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు కానీ, బాగుంది.

పొడి సమంగా నొక్కే కొత్త ట్యాంపర్ రేపు వస్తోంది. దాన్ని తమరిలో ఎక్కించడం లేదు.

ఇట్లు,
నిద్ర పట్టని తమ విధేయుడు