మౌనం పూర్ణాంగీకారం

సుప్రీం కోర్టు న్యాయమూర్తికి ఉండవలసిన అర్హతలేమిటో అమెరికా రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. వయసు, అనుభవం, చివరికి న్యాయశాస్త్ర పట్టా ప్రస్తావన కూడా అందులో లేదు. అధ్యక్షుడు ఒక పేరు ప్రతిపాదించాలి, సెనేట్ సలహా చెప్పి సమ్మతి తెలపాలి. రెండో అధికరణం అంతటితో సరిపెట్టుకుంది. రాజ్యాంగకర్తలు వదిలేసిన ఆ ఖాళీని సెనేటర్లు తరతరాలుగా శ్రమించి ఒకే ఒక్క అర్హతతో పూరించారు: అడిగినదానికి జవాబు చెప్పకుండానే, చెప్పినంత వినయంగా కనిపించగల నేర్పు. గిట్టనివారు దీన్ని తంతు అంటారు గాని, ఇంతటి కఠిన పరీక్షను నిందించడానికి నాకు నోరు రావడం లేదు.

ఈ పరీక్ష ఎలా తప్పాలో 1987లో రాబర్ట్ బోర్క్ లోకానికి చూపించారు. అధ్యక్షుడు రీగన్ సుప్రీం కోర్టుకు నామినేట్ చేసిన ఈయన యేల్‌లో పాఠాలు చెప్పినవారు. ఆ అలవాటు వల్ల కాబోలు, ప్రశ్న అడిగితే సమాధానం చెప్పాలనుకున్నారు. గోప్యత హక్కు మీద, పాత తీర్పుల మీద తన మనసులో ఉన్నదంతా రోజుల తరబడి విప్పి చెప్పారు. సెనేట్ ఓపికగా విని, 58–42 ఓట్లతో ఆయనను ఇంటికి పంపింది. యక్షుడి ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చి ధర్మరాజు తమ్ముళ్లను బతికించుకున్నాడు గాని, అదే ధర్మరాజు, నామినీలను ప్రశ్నించే సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ముందు కూర్చుని ఉంటే ఆ నలుగురి పక్కన తానూ మడుగు గట్టున పడి ఉండేవాడు. బోర్క్ అభిప్రాయాలు చాలామందికి గుబులు పుట్టించినవే, కాదనను. అయితే ఆయన తర్వాత వచ్చినవారు నేర్చుకున్న పాఠం అభిప్రాయాలు మార్చుకోవాలని కాదు, పెదవి దాటనివ్వకూడదని.

1993లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ రాబోయే కేసుల గురించి సూచనలూ జోస్యాలూ తన దగ్గర దొరకవని మర్యాదగా విన్నవించుకొని 96–3తో నెగ్గారు. ఎలీనా కేగన్ కథ ఇంకా కమ్మనైనది. ఈ విచారణలు సారం లేని బోలు వ్యవహారంగా మారాయనీ, నామినీల చేత నోరు విప్పించాలనీ 1995లో షికాగోలో లా అధ్యాపకురాలిగా ఉండగా ఆమె వ్యాసం రాశారు. 2010లో ఆ కుర్చీలో తానే కూర్చోవలసి వచ్చింది. సెనేటర్లు పాత వ్యాసం గుర్తు చేయగా, అప్పట్లో తూకం కాస్త అటు మొగ్గిందని సెలవిచ్చి, 63–37తో సుప్రీం కోర్టు మెట్లెక్కారు. పరీక్ష బాగోలేదని రాసిన మనిషి అదే పరీక్షలో నెగ్గడం ఆ పరీక్షకు ఎంత గౌరవం!

ఈ విద్య పరాకాష్ఠను చూడాలంటే 2020 అక్టోబరుకు వెళ్లాలి. గంటల తరబడి ప్రశ్నలు సాగుతుండగా, టెక్సాస్ సెనేటర్ జాన్ కార్నిన్, మీ ముందున్న కాగితాల మీద ఏం రాసుకున్నారో చూపిస్తారా అని సుప్రీం కోర్టు నామినీ ఎమీ కోనీ బారెట్‌ను అడిగారు. ఆమె నోట్‌ప్యాడ్ పైకెత్తి చూపారు. తెల్ల కాగితం, పైన సెనేట్ పేరు అచ్చయి ఉంది, అంతే. సెనేటర్ మెచ్చుకున్నారు. ఆ విచారణ మొత్తానికి అంతకంటే ఖచ్చితమైన రికార్డు మరొకటి లేదని నా అభిప్రాయం.

1925లో హార్లన్ స్టోన్ వచ్చేదాకా సుప్రీం కోర్టు నామినీ ఎవరూ కమిటీ ముందు స్వయంగా కూర్చుని సాక్ష్యం చెప్పనేలేదు. 1981లో టీవీ కెమెరాలు వచ్చాక గాని ఈ ప్రక్రియకు అసలైన కళ రాలేదు. ఇప్పుడు సెనేటర్ తనకిచ్చిన సమయంలో చాలా భాగం ప్రసంగించి, చివర ప్రశ్నార్థకం తగిలిస్తారు. నామినీ కృతజ్ఞతలు చెప్పి, ఆ విషయం కోర్టు ముందుకు రావచ్చు గనుక మాట్లాడటం భావ్యం కాదంటారు. ఈ ఒక్క వాక్యం కోసం లాయర్లు సెనేటర్ల వేషం కట్టి, నామినీని రోజుల తరబడి తోమి తయారు చేస్తారు.

తెలిసీ చెప్పకపోవడం వేరు, తెలియక చెప్పలేకపోవడం వేరు. కమిటీలు ఈ తేడాను ఇట్టే పసిగడతాయి. 2017లో వాషింగ్టన్ జిల్లా కోర్టుకు నామినేట్ అయిన మాథ్యూ పీటర్సన్‌ను, అధికార పక్షానికే చెందిన సెనేటర్ జాన్ కెనెడీ, ఎప్పుడైనా కోర్టులో ఒక కేసైనా వాదించి విచారణ నడిపారా అని రకరకాలుగా అడిగారు. ప్రతిసారీ లేదనే జవాబు వచ్చింది. కొద్ది రోజులకే ఆయన పేరు వెనక్కి వెళ్లింది. నార్వేకు రాయబారి కాబోయిన జార్జ్ సూనిస్ 2014లో సెనేట్ కమిటీ ముందు ఆ దేశ అధ్యక్షుడి గురించి మాట్లాడారు, అక్కడున్నది రాజు. ఒబామాకు విరాళాలు సేకరించిన ఈ హోటళ్ల అధిపతి చివరికి తప్పుకోవలసి వచ్చింది. అయినా ప్రతిభ ఊరికే పోదు: 2022లో ఆయన గ్రీసుకు రాయబారిగా వెళ్లారు. గ్రీసుకు నిజంగానే అధ్యక్షులున్నారు కనుక ఈసారి చిక్కు రాలేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత సెనేట్‌లో అమల్లో ఉన్న నిబంధన. సైనికాధికారుల పదోన్నతులు సాధారణంగా ఏకగ్రీవంగా, మూటగా ఆమోదం పొందుతాయి. కాదనడానికి ఒక్క గొంతు చాలు. 2023లో అలబామా సెనేటర్ టామీ టూబర్‌విల్ గర్భస్రావానికి వెళ్లే సైనికుల ప్రయాణ ఖర్చులు భరించే రక్షణ శాఖ విధానం నచ్చక 400 మందికి పైగా అధికారుల పదోన్నతులను నెలల తరబడి ఆపారు. ఆ అధికారులు చేసిన తప్పేమీ లేదు. వారిని ఎవరూ ఏమీ అడగనూ లేదు.

అసలేమీ అడగకపోవడంలో మాత్రం 2016ను మించినది లేదు. ఆ మార్చిలో డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా సుప్రీం కోర్టుకు నామినేట్ చేసిన మెరిక్ గార్లండ్‌కు, ఎన్నికల ఏడాదన్న కారణం చెప్పి, సెనేట్ 293 రోజుల పాటు విచారణే జరపలేదు. నిజానికి ఆయన నోరు మెదపని ఆదర్శ నామినీ కావలసింది. కాని కమిటీ అడగకపోయినా ప్రశ్నావళి నింపి పంపి, చేతులారా చెడగొట్టుకున్నారు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఎన్నికల ఏడాదే వచ్చింది. అప్పుడు రిపబ్లికన్ అధ్యక్షుడు ట్రంప్ నామినేట్ చేసిన బారెట్‌కు నెల తిరగకుండానే, పోలింగ్‌కు ఎనిమిది రోజుల ముందు, 52–48తో ఆమోదం దక్కింది. సెనేట్ మెజారిటీ నాయకుడు రెండుసార్లూ రిపబ్లికన్ మిచ్ మెక్కానెలే. 2021లో గార్లండ్ అటార్నీ జనరల్‌గా 70–30తో నెగ్గినప్పుడు, అనుకూలంగా పడిన ఓట్లలో మెక్కానెల్‌ది కూడా ఉంది. మనిషి మీద అభ్యంతరమేమీ లేదన్నమాట.