మూడో అంతస్తులో పుంగనూరు ఆవు

తిరుపతి బైపాస్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్ళు గృహప్రవేశం పెట్టుకున్నారు. పాలు పొంగించే ముందు ఇంట్లోకి ఆవు నడవాలి కదా, మెట్ల మీద ఇబ్బంది లేకుండా పొట్టి జాతి కావాలని పుంగనూరు ఆవును తెప్పించారు. రెండున్నర అడుగుల ఎత్తు, కొమ్ములకు పసుపు, మెడలో గంట. తెల్లవారుజామునే మెట్లన్నీ టకటకా ఎక్కేసింది.

దిగమంటే మాత్రం దిగలేదు. ఎక్కినంత సులువుగా ఆవులు మెట్లు దిగవన్న సంగతి పంతులుగారికి ముందే తెలుసట. సంభావన తీసుకుని వెళ్ళిపోయాక ఫోన్లో చెప్పారు.

పదకొండయినా అది మెట్ల దగ్గరే నిలబడి అరటిపండ్లు నములుతోంది. కొత్త టైల్స్ మీద పేడ వేస్తే ఇంటావిడ శుభమని మురిసిపోయింది. ఎదురు ఫ్లాటావిడ ముక్కు మూసుకుని అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ కొట్టింది. ఆయన చంకలో ఫైలుతో హాజరు.

"ఫ్లాట్లలో పశువులు ఉండకూడదు. రూలుంది."

"మేం ఉంచుకున్నామా సార్? అదే పోనంటా ఉంది."

"అయితే కార్పొరేషన్‌కి చెప్తా."

రెండో అంతస్తు రిటైర్డ్ ప్లీడరుగారు అడ్డం పడ్డారు. "ఏమని చెప్తావబ్బా? రోడ్డున పడి తిరిగే ఆవునైతే బందెలదొడ్డికి తోలచ్చు, 1871లోనే చట్టం చేసినారు. ఇది ఓనరు గుమ్మంలో నిలబడి పండు తింటా ఉంటే ఎక్కడికి తోల్తావు?"

ఇంటాయనకు ధైర్యం వచ్చింది. "2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని ఇంట్లో ఈ ఆవులే మేత మేసినాయి. ఆయనకు లేని రూలు మాకా?"

"ఆయనకు అసోసియేషన్ లేదు కదండీ" అన్నారు సెక్రటరీ. పాపం, ఆ మాటలో ఎంత అసూయో!

అంతలో నాలుగో అంతస్తు నుంచి గ్రేట్ డేన్ వాకింగ్‌కి దిగింది. అందరి చూపూ దాని మీదే. ఎవరో టేపు తెచ్చారు. కుక్క ఆవు కంటే నాలుగు వేళ్ళు ఎత్తు! దానికేమో మెంబర్లంతా సంతకాలు పెట్టిన పర్మిషనుంది. సెక్రటరీ ఫైలు తిరగేశారు గానీ, ఎత్తు గురించి ఏ పేజీలోనూ లేదు. ఆవు ఒక్కసారి తల ఊపేసరికి, ఆ పర్మిషనున్న ప్రాణి యజమాని కాళ్ళ వెనక నక్కింది.

చివరికి వాచ్‌మెన్ లిఫ్టు బోర్డు చదివాడు. "ఆరుగురు, 408 కిలోలు. పుంగనూరు ఆవు 200 దాటదు సార్. తోలేవాడితో కలిపినా ఇంకా మిగులుతుంది."

మూలకు మూలగా పెడితే సరిగ్గా పట్టింది. గంట మోగిస్తూ లిఫ్టు కిందికి కదిలి, రెండో అంతస్తులో ఆగింది. మేమంతా మెట్ల మీదుగా పరిగెత్తాం. తలుపు ముందు సెక్రటరీ గారి అమ్మగారు, చేతిలో హారతి పళ్ళెం.

"ఒరే నాయనా, ఎటూ వచ్చింది. మనింట్లో కూడా ఒక అడుగు పెట్టించి పంపరా."

సెక్రటరీ మా మొహాలు చూడకుండా ఫైలు నా చేతిలో పెట్టి, వాళ్ళ తలుపు రెండో రెక్క గడియ తీయడానికి వెళ్ళారు.