ఇద్దరే వెళ్లడం ఎలా?

విజయనగరంలో కాపురముంటున్న ఆలుమగలు ఒక రోజంతా పెద్ద పార్కులో గడిపి రావాలనుకుంటే తిండి, నీళ్లు, గొడుగు, దుప్పటి అన్నీ సమకూరతాయి. సమకూరనిది ఒక్కటే, ఇద్దరు అనే అంకె. రాత్రి గదిలో గుసగుసగా అనుకున్న మాట తెల్లారి టీ గ్లాసుల దాకా వచ్చేసరికి నలుగురిదవుతుంది. గుమ్మం దాటేసరికి తొమ్మిదిమందిదవుతుంది. చివర్లో తాతయ్య కూడా "నాకూ గాలి మారినట్టుంటాది" అని చేతికర్ర అందుకుంటారు. ఇంత తీవ్రమైన సమస్య మీద ప్రభుత్వం ఇంతవరకూ కమిటీ వేసిన దాఖలా లేదు గనక, ఆలుమగల సౌకర్యార్థం తగు మార్గదర్శకాలు ఇక్కడ పొందుపరచడమైనది.

ముందు స్థల నిర్ణయం. పెద్ద చెరువు గట్టు, గంటస్తంభం పరిసరాలు పరిశీలనకు కూడా పనికిరావు. కోట దగ్గరా అంతే. 1713లో దాన్ని కట్టించినవారు శత్రువులు లోపలికి రాకుండా ఆలోచించారు గానీ మేనత్తల సంగతి వారి దృష్టికి రాలేదు. కోరుకొండ దారిలో రామనారాయణం విశాలంగానే ఉంటుంది. కాకపోతే దాన్ని విల్లు ఆకారంలో కట్టారు. ఈ కొస నుంచి మీరు బయల్దేరితే ఆ కొస నుంచి వచ్చే బంధువు ఎక్కడో ఒకచోట ఎదురుపడి తీరతాడు. గుడి కాబట్టి మొహం తిప్పుకున్నా పాపం చుట్టుకుంటుంది.

ఇక మిగిలింది విశాఖ జూ పార్కు. 1977లో తెరిచారు, విస్తీర్ణం 625 ఎకరాలు. ఇద్దరికి పంచితే తలా 312న్నర. పెళ్లిచూపుల్లో కూడా మనవైపు ఎవరూ ఇంత భూమి చెప్పుకోరు. పైగా ఆనందపురం, మధురవాడ మీదుగా వెళ్లే బస్సుకి సిటీ కంటే ముందే హైవే పక్కన తగులుతుంది. ముచ్చటపడి రైలెక్కితే మాత్రం కొత్తవలస, పెందుర్తి తిరిగి స్టేషన్లో దిగి, ఊరు దాటి మళ్లీ ఇటే రావాలి.

తేదీ దగ్గర తొందరపడకూడదు. జూకి సోమవారం సెలవు. ఆదివారం విజయనగరం సగం అక్కడే ఉంటుంది. కార్తీక మాసంలో ప్రతి చెట్టు కిందా ఏదో ఒక సంఘం వారి వనభోజనం, దానికో మైకు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో మీరు వెళ్లడం కాదు గదా, మీ ఇంటికే పాతికమంది వస్తారు. ఇవి పోగా మిగిలిన రోజుల్లోంచి ఎంచుకునే ముందు ఇంట్లో చెప్పబోయే అబద్ధం ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే తేదీని నిర్ణయించేది అదే.

చాలామంది ఆస్పత్రి అని చెప్పి చెడిపోతున్నారు. మనవైపు ఆస్పత్రికి ఒంటరిగా పంపడం అమానుషం. తోడుకి ఇద్దరు, ఫ్లాస్కు పట్టుకోవడానికి ఒకరు బయల్దేరతారు. షాపింగ్ అంటే చెప్పనే అక్కర్లేదు. నిలబడే సాకు ఒక్కటే: బ్యాంకులో జాయింటు ఖాతాకి కేవైసీ. దానికి సరిగ్గా ఇద్దరే కావాలి, ఇద్దరి సంతకాలూ కావాలి, రోజంతా ఎందుకు పట్టిందని ఎవరూ అడగరు, మేమూ వస్తామని పసిపిల్లలు కూడా అనరు. అయితే రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారం బ్యాంకు లేదు. సోమవారం జూ లేదు. మంగళవారం మామ్మ గడప దాటనివ్వరు. ఖాళీగా ఉన్నవి బుధ, గురు, శుక్రవారాలు, మిగిలిన శనివారాలు. అందులో వర్జ్యం, దుర్ముహూర్తం తీసేస్తే ఎన్ని గంటలు మిగులుతాయో మీ క్యాలెండరు చూసుకోండి.

ఒకప్పుడు ఇంకో కవచం కూడా ఉండేది, "ఇంతమందికి టికెట్లు దండగ కదా" అనే మాట. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక అది చేజారింది. ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు సున్నా టికెట్టు. జంటలో సగానికి ఖర్చు తగ్గిందన్న సంతోషం అత్తయ్య, పిన్ని, ఇద్దరు ఆడపడుచులు కూడా అదే లెక్క వేసేదాకానే. నాన్‌స్టాప్‌లకు ఈ పథకం వర్తించదు కదా, అందులో వెళ్దామంటే అది జూ దగ్గర ఆగదు. ఎక్స్‌ప్రెస్సే ఎక్కండి. ఒక పక్క మూడేసి, ఇంకో పక్క రెండేసి సీట్లుంటాయి. రెండు సీట్ల వైపే కూర్చోవాలి. మూడు సీట్ల వైపు కూర్చుంటే మీ ఇంట్లోవాళ్లు చేయలేని పని ఆర్టీసీ చేసేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం, పులిహోర. అందులో ప్రమాదమేమీ లేదు, ఇంగువలో ఉంది. తెల్లవారుజామున అయిదింటికి ఇంగువ పోపు వేస్తే ఆ వాసనకి మేడ మీద వాటావాళ్లు కూడా లేచి ఎక్కడికని అడుగుతారు. కాబట్టి పోపు పని ముందురోజు సాయంత్రం, చారు పోపు చాటున ముగించాలి. ఇద్దరికి గ్లాసున్నర బియ్యం, పెద్ద నిమ్మకాయంత చింతపండు. చిక్కగా రసం తీసి, పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిరప, చిన్న బెల్లం ముక్క వేసి నూనె తేలేదాకా ఉడికించాలి. ఆ పులుసు రాత్రంతా బయటున్నా ఏమీ కాదు. పొద్దున్న అన్నం పలుకుగా వార్చి, బేసిన్లో ఆరబోసి, వేడి పూర్తిగా చల్లారాకే కలిపి డబ్బాకి ఎత్తాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీళ్లై మళ్లీ అన్నంలోకే దిగుతుంది. పన్నెండింటికి మూత తీస్తే ముద్ద, పైగా వాసన. నిమ్మకాయ పులిహోర త్వరగా అవుతుంది గానీ మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. కొబ్బరి పచ్చడి ఊసే వద్దు. దద్దోజనానికి పాలు ఎక్కువ పోసి పెరుగు ఒక్క చెంచా వేస్తే తినేవేళకి కమ్మగా తోడుకుంటుంది. పెరుగే పోసి కలిపితే ఎండకి పుల్లబడిపోతుంది.

"ఎందుకైనా మంచిది" అని మూడో మనిషికి సరిపడా వండే అలవాటు మన ఆడవాళ్లలో, ఈమధ్య మగవాళ్లలోనూ ఉంది. ఆ గుప్పెడు బియ్యమే ఆహ్వాన పత్రిక. స్టీలు క్యారేజీ కూడా నిషిద్ధం. బ్యాంకుకెళ్లేవాళ్ల సంచిలో గిన్నెలు మోగవు. పలకలాంటి డబ్బాలు రెండు, వాటిమీద పాసుబుక్కు. వేసవైతే నాలుగు లీటర్ల నీళ్లు తప్పవు. అంటే నాలుగు కిలోల బరువు, ఏ కేవైసీకీ పొసగని బరువు. రెండు లీటర్లతో బయల్దేరి మిగతావి దిగాక కొనుక్కోవడం వివేకం.

పార్కులో ఎక్కడ కూర్చోవాలన్నది ఖగోళశాస్త్రం. పదింటికి నీడ చెట్టుకి పడమర పక్కన ఉంటుంది, అందరూ అక్కడే దుప్పటి పరుస్తారు, పన్నెండయ్యేసరికి మాడిపోతారు. దుప్పటి ఎత్తుకుని తిరిగేవాళ్లని దారినపోయే ప్రతివాడూ తేరిపార చూస్తాడు, గుర్తుపట్టడమంతా అప్పుడే జరుగుతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనక మధ్యాహ్నం నీడ చెట్టుకి ఉత్తరంగా, తర్వాత తూర్పుగా జరుగుతుంది. అంటే మొదటే చెట్టుకి ఈశాన్యాన కూర్చున్నవాళ్లకి తినే వేళ నుంచి సాయంత్రం దాకా లేవనక్కర్లేదు. వాస్తు సిద్ధాంతి ఏ కారణంతో చెప్పినా ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినండి. మే నెలలో మాత్రం సూర్యుడు నడినెత్తినే ఉంటాడు, మిట్టమధ్యాహ్నం మొదలుకే అతుక్కోవాలి. నిద్రగన్నేరు నీడ విశాలం గానీ వేసవిలో దాని కాయలు రాలి, తీపి గుజ్జుకి చీమలు పడతాయి.

దుప్పటి నాలుగడుగులు బై ఆరడుగులు మించకూడదు. మిగిలిన జాగా చూస్తే ఎవరికైనా కూర్చోబుద్ధేస్తుంది. సిమెంటు బెంచీ మీదైతే ఇద్దరూ మధ్యలో కూర్చుని ఒక చివర సంచి, ఇంకో చివర గొడుగు పెట్టుకోండి. కోతులొస్తే లాగులాడకుండా వదిలేయండి, అవి డబ్బా తీసుకుని వెళ్లిపోతాయి. బంధువులు డబ్బా వదిలేసి కూర్చుంటారు.

ఇన్ని చేసినా పులి బోను దగ్గర "ఒలమ్మ, మీ ఇద్దరే వచ్చీసేరేటి? మీ అత్త రాలేదేటి?" అని ఎవరో ఒకరు అంటారు. 625 ఎకరాల్లో జనం పోగయ్యేది పులి, ఏనుగు, నీటిగుర్రం, ఈ మూడు చోట్లే. పదిన్నర దాటాక పులి ఎలాగూ పడుకునే ఉంటుంది. దానికోసం చిక్కుల్లో పడటం అనవసరం. దుప్పుల వైపు వెళ్లండి. అక్కడ ఎవరూ నిమిషం మించి నిలబడరు.

నాలుగింటికల్లా లేవాలి. హైవే మీద చెయ్యెత్తితే విజయనగరం బస్సులు అప్పటికే నిండి వస్తాయి. సీటు కావాలంటే సిటీలోకి, ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి ఎక్కడమే. బస్సులో చేయవలసిన పని ఒకటుంది: చెప్పులకంటిన ఎర్రమట్టి దులుపుకోవడం, చీర అంచు వెంట గుచ్చుకున్న గడ్డి గింజలు ఒక్కొక్కటే ఏరడం. వెనకవైపు కుచ్చిళ్ల కింద ఉన్నవి కట్టుకున్నవాళ్లకి కనపడవు, రెండోవాళ్లు చూడాలి. సాధారణంగా ఆ రెండోవాళ్లు ఫోను చూస్తుంటారు.

ఇంట్లో ఆ ఒక్క గింజనీ రెండు వేళ్లతో పట్టి, దీపం వెలుగులో తిప్పి చూసి, "బ్యాంకులో గడ్డేటమ్మా?" అని అత్తగారు అడిగితే వాదించకండి. వచ్చే ఆదివారం అందరం వెళ్దామని వెంటనే ఒప్పేసుకోండి. పద్నాలుగు మందికి రెండు కిలోల బియ్యం, మూడొందల యాభై గ్రాముల చింతపండు పడతాయి. ఇంగువ ఎంత వేసుకున్నా పర్వాలేదు.