మీ కారు, మీ కుక్క, నా ఫోను

ఇప్పుడే ఇంటికొచ్చాను. కోపంతో ఇంకా చేతులు వణుకుతున్నాయి. టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి.

ఆడపడుచు కూతురి పెళ్లికి చీరలు చూద్దామని అత్తయ్యతో కలిసి ఒక పెద్ద బట్టల షాపుకి వెళ్లాను. హైదరాబాద్, మే నెల, మిట్టమధ్యాహ్నం. సెల్లార్ నిండిపోయిందని పక్కనున్న ఖాళీ స్థలంలో పార్క్ చేయమన్నారు. అక్కడ చెట్టు లేదు, షెడ్డు లేదు. మా పక్కన ఒక పెద్ద నల్ల కారు. వెనక సీట్లో పగ్ కుక్క. నాలుక బయటికి వేలాడేసి, మూతి అద్దానికి ఆనించి రొప్పుతోంది. ఇంజన్ ఆపేసి ఉంది. ఒక అద్దం మాత్రం రెండు వేళ్లు పట్టేంత దించారు. ఎంత దయో!

అత్తయ్య చూసి, "మనకెందుకమ్మా, వాళ్లొస్తార్లే" అంది. ఆవిడ చెడ్డది కాదు, వీధి కుక్కలకు రోజూ పెరుగన్నం పెడుతుంది. కానీ "మనకెందుకమ్మా" అనేది మన ఇళ్లలో ఉగ్గుపాలతో పోస్తారు కదా, అదే వచ్చింది.

గార్డు దగ్గరికెళ్లి, "అన్నా, ఆ కారు నంబరు మైకులో చెప్పించు" అన్నాను. ఆయన తటపటాయించాడు. "చెప్తే ఓనర్లు మా మీదికే వస్తారు మేడం" అన్నాడు. అయినా వెళ్లి చెప్పించాడు. ఎవరూ రాలేదు. మళ్లీ చెప్పించాడు. రాలేదు. నేను 112కి ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. అడ్రస్, కారు నంబరు రాసుకుని పెట్రోలింగ్ వాళ్లను పంపిస్తామంది.

అప్పుడు దిగారండీ శ్రీవారు, శ్రీమతి, ఒక చిన్న పాప, నాలుగు పెద్ద సంచులు. "ఐదు నిమిషాలే కదా వెళ్లింది" అంది ఆవిడ. అమ్మా, పెళ్లి పట్టుచీర ఐదు నిమిషాల్లో తీసుకున్న తెలుగు ఆడది ఉంటే నాకు చూపించండి, పాదపూజ చేస్తాను. ఐదు నిమిషాలకి కూల్‌డ్రింకు కూడా ఇవ్వరు ఆ షాపులో.

అసలు మంట ఎక్కడంటే, ఆయన కారు తలుపు తీయకముందే గార్డు వైపు తిరిగాడు. "నా నంబరు మైకులో చదవమన్నది ఎవడ్రా?" అని. లోపల కుక్క రొప్పుతూనే ఉంది. ఆయనకి ముందు పరువు, తర్వాత తలుపు. మేనేజర్ పరుగెత్తుకొచ్చి ఆయనకి సారీ చెప్పి, నలుగురి ముందు గార్డును తిట్టాడు. "మేడం అడిగారు సార్" అన్నా వినలేదు. నేనే చేయించానని నేను చెప్తున్నా నా వైపు చూడలేదు. చీరల కస్టమర్ని కదా, నన్ను తిట్టలేడు. తిట్టడానికి నీలం చొక్కా వేసుకున్న మనిషి దొరికాడు, చాలు.

తలుపు తెరిచాక నా బాటిల్ నీళ్లు మూత తీసి పెడితే ఆ ప్రాణి ఆగకుండా తాగింది. పాదాల మీద కూడా కాసిని పోశాను. "కారు సీటు తడుస్తుంది" అన్నాడాయన.

అవునండీ. సీటు.

వాళ్లు వెళ్లిపోయాక కానిస్టేబుల్ వచ్చాడు. "కుక్కేనా మేడం? పిల్లలేమో అని హడావిడిగా వచ్చాను" అన్నాడు. ఆయన్ని ఏమీ అనను, హడావిడిగా వచ్చాడు, అది చాలు. అసలు మూసిన కారు ఏం చేస్తుందో మనకి ఒకరు చెప్పాలా? 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు, డోర్లు లాక్ అయి ఊపిరాడక పోయారు. అప్పుడు అందరం స్టేటస్‌లు పెట్టుకుని ఏడ్చాం. కొన్నాళ్లు పోగానే మళ్లీ "అద్దం కాస్త దించాం కదా" అంటాం. అద్దం కాస్త దించితే పెద్దగా తేడా ఉండదని 2005లోనే అమెరికాలో కొలిచి చెప్పారు. కారు లోపల వేడి గంటలో సుమారు 22 డిగ్రీలు పెరుగుతుందట, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. బయట 40 ఉన్న రోజున లెక్క మీరే వేసుకోండి. ఆ డ్యాష్‌బోర్డు మీద వడియాలు పెడితే సాయంత్రానికి డబ్బాలో పోసుకోవచ్చు. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి. అందులో పగ్‌కి ముక్కే చప్పిడి. మామూలు రోజునే గురక పెట్టి ఊపిరి తీసుకునే జాతి అది. పగ్ కావాలని వేలకు వేలు పోసి కొనుక్కునేవాళ్లకి దాని ముక్కు గురించి మాత్రం తెలియదు.

ఇక ఫ్యామిలీ గ్రూపులో పెడితే వచ్చిన జ్ఞానోపదేశం చూడాలి. "కంప్లయింట్ చేయడమేంటి, మెల్లగా చెప్పాల్సింది." ఎవరికి చెప్పాలి? పగ్‌కా? మనిషి కనపడితే కదా మెల్లగా చెప్పడానికి! "వాళ్లకి ఎంత అవమానం!" "పాప ముందు అలా చేస్తావా?" "రోడ్డు మీద కుక్కలు ఎండలో లేవా, వాటికోసం ఎందుకు ఫోన్ చేయవు?" ఇది అన్నది మా బావగారు, ఎంటెక్. బావగారూ, రోడ్డు కుక్కకి ఎండ తగిలితే లేచి కారు కిందికి దూరుతుంది. ఈ కుక్కని కారు లోపల పెట్టి తాళం వేశారు. తేడా తెలియకపోతే ఒక మధ్యాహ్నం మీరు కూర్చోండి, అద్దం రెండు వేళ్లు దించుతాను.

శాన్‌హోసేలో ఉన్న మా పెదనాన్న కూతురు మాత్రం వెంటనే ఫోన్ చేసింది. 2017 నుంచి కాలిఫోర్నియాలో చట్టమే ఉందట. కారు లాక్ అయి ఉండి, లోపలి జంతువు ప్రాణం మీదికొచ్చిందని నమ్మితే, ముందు పోలీసులకి ఫోన్ చేసి అద్దం పగలగొట్టి తీసినా తప్పు పట్టరు. వాళ్లొచ్చేదాకా అక్కడే ఉండాలి, అంతే. మన దగ్గర అద్దం ముట్టుకుంటే మొదట నా మీదే కేసు పెట్టేవాళ్లు, ఆ కారాయన మాటతీరు చూస్తే అందులో నాకు అనుమానం లేదు. మన చట్టం సంగతి వింటే నవ్వొస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11. మొదటిసారి అయితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. యాభై! ఆ షాపులో చీరకి ఫాల్ కుట్టించడానికి అంతకంటే ఎక్కువ తీసుకుంటారు. కావాలని చంపినట్టు తేలితే మాత్రం భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా జైలు. అంటే బతికున్నంతసేపు దాని విలువ యాభై రూపాయలు, చచ్చాక చట్టం నిద్ర లేస్తుంది. 2022లో కేంద్రం సవరణ ముసాయిదా అని ఒకటి బయటపెట్టి జనం అభిప్రాయాలు అడిగింది. చెప్పాం. అంతే.

కాబట్టి నేను ఫోన్ చేస్తే ఆయన్నేదో జైల్లో వేస్తారని నాకేం భ్రమలు లేవు. తలుపు తెరుచుకోవాలి, అంతే. తెరిపించేవాళ్లు కావాలి కాబట్టి ఫోన్ చేశాను. దాన్ని "కంప్లయింట్" అని పేరు పెట్టి నన్ను నేరస్థురాల్ని చేస్తారేంటి?

ఆగండి, ఈ మాట నాకు కొత్త కాదు. అందుకే ఇంత మండుతోంది.

మా అపార్ట్‌మెంట్‌లో నాకు పేరుంది, "కంప్లయింట్ ఆంటీ" అని. ఎందుకంటారా? మా కింది ఫ్లోర్‌లో ఒకళ్లింట్లో బాబునెత్తుకోవడానికి ఒక పిల్లని పెట్టుకున్నారు. పన్నెండేళ్లు ఉంటాయేమో. వాళ్లు హోటల్‌కి వెళ్తే ఈ పిల్ల పక్క టేబుల్ దగ్గర నిలబడి బాబుని ఆడించాలి. బాబు నిద్రపోతే బాబుతో పాటు కారులో కూర్చోవాలి. నేను కళ్లారా చూశాను, ఆ పిల్ల పార్కింగ్‌లో కారు అద్దంలోంచి లోపల భోంచేస్తున్నవాళ్లని చూస్తూ కూర్చుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇలా పనిలో పెట్టుకోకూడదని 2016 సవరణ తర్వాత చట్టంలో స్పష్టంగానే ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. అధికారులు వచ్చారు, పిల్లని తీసుకెళ్లారు.

ఆ రోజు నుంచి అపార్ట్‌మెంట్‌లో నేను విలన్‌ని. అసోసియేషన్ సెక్రటరీగారు లిఫ్ట్‌లో నాతో, "మంచి కుటుంబం అండీ, పరువు తీశారు" అన్నారు. ఒకావిడ, "పాపం ఆ పిల్లకి మూడు పూటలా తిండన్నా దొరికేది" అంది. ఇప్పటికీ అడుగుతారు, "ఇంతకీ ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో మీకేమైనా తెలుసా?" అని వెటకారంగా. ఆ పిల్ల రెండేళ్లు మన బిల్డింగ్‌లో ఉన్నప్పుడు మీలో ఒక్కరైనా దాని పేరు అడిగారా? నేను అడిగాను. అందుకే నాకు తెలుసు. మీకు చెప్పను.

అప్పుడు మనిషి పిల్ల కోసం ఫోన్ చేస్తే, "మంచి కుటుంబం." ఇప్పుడు కుక్క కోసం ఫోన్ చేస్తే, "పిల్లలకి లేని దిక్కు కుక్కలకా?" మీరు దేనికి ఫోన్ చేయనిస్తారో ఒక లిస్టు రాసి అసోసియేషన్ గ్రూపులో పిన్ చేయండి, ఫాలో అవుతాను. కారు మీద గీత పడితే మాత్రం సీసీ కెమెరా, పోలీసు, కార్పొరేటర్, అందరూ వస్తారు. అప్పుడు ఎవరూ "మెల్లగా చెప్పాల్సింది" అనరు.

చెప్పినవాళ్లకి ఏమవుతుందో చూడండి. నాకేమైంది? ఒక వెటకారపు పేరు, గ్రూపులో నాలుగు మాటలు. నేను తట్టుకోగలను, నా జీతం వీళ్లివ్వరు. మైకు దగ్గరికెళ్లిన ఆ గార్డు జీతం మాత్రం ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు. "ఎవరో ఒకరు చెప్పొచ్చు కదా" అంటాం. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నెలకి పదిహేను వేలు వచ్చేవాడే అయ్యుండాలి, ఏసీ కారున్నవాళ్లం మనం పక్కన నిలబడి వీడియో తీసుకోవాలి. అందుకే ఇంటికి రాగానే షాపు వాళ్లకి మెయిల్ కొట్టాను. అనౌన్స్‌మెంట్ చేయించింది నేను, 112కి చేసింది నేను, గార్డు తప్పేమీ లేదు, అతన్ని ఏమైనా చేస్తే ఊరుకోను అని. గంటలో జవాబు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." కింద పది శాతం డిస్కౌంట్ కూపన్. గార్డు గురించి ఒక్క ముక్క లేదు. రేపు మళ్లీ ఫోన్ చేస్తాను. ఎల్లుండి కూడా చేస్తాను. కంప్లయింట్ ఆంటీని కదా.

ఇన్‌బాక్స్‌లో కారు నంబరు అడుగుతున్నవాళ్లకి: ఇవ్వను. 112 వాళ్ల దగ్గర ఉంది, ఉండాల్సిన చోట ఉంది. ఆయన మీద జాలితో కాదు. తండ్రి అరుస్తున్నంతసేపూ ఆ పాప ఏడుస్తూ కుక్క వైపే చూస్తూ ఉంది. మీరు నంబరు పట్టుకుని ఇల్లు వెతికి, ఫొటోలు పెట్టి, బూతులు తిడితే అవి రేపు స్కూల్లో వినాల్సింది ఆ పిల్ల. మీ ఆవేశం అంతగా పొంగుతుంటే ఈ ఎండాకాలం పార్కింగ్‌లలో పక్క కార్లలోకి ఒకసారి తొంగి చూడండి. కనిపిస్తే అనౌన్స్‌మెంట్ మీరే వెళ్లి చేయించండి, మీ పేరు చెప్పి. గార్డు పేరు కాదు.

కామెంట్లు తెరిచే ఉంచుతున్నాను. "ఏసీ వేసి వెళ్లి ఉంటారేమో" అని రాయబోయేవాళ్లు మాత్రం మళ్లీ మొదటి నుంచి చదువుకుని రండి. ఇంజన్ ఆపేసి ఉంది.