గొట్టం వేసే తీరాలా?

సిర్రోసిస్‌తో కాలేయం గట్టిపడితే, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో పీడనం పెరుగుతుంది. రక్తం అన్నవాహిక గోడలోని సిరల మీదుగా దారి చూసుకుంటుంది, అవి ఉబ్బుతాయి. వీటినే వేరిసెస్ అంటారు. సిర్రోసిస్ తేలిన ప్రతివాళ్లకూ నోట్లోంచి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ చేయాలా, స్కాన్ చూసి కొందరిని వదిలేయవచ్చా? ఇద్దరు డాక్టర్ల వాదన ఇది.

ఎండోస్కోపీ డాక్టర్: వేరిసెస్ పగిలి రక్తం కక్కుకున్నవాళ్లలో వందకు 15 నుంచి 20 మంది ఆరు వారాల్లోపే పోతున్నారు మేడమ్. దాన్ని పొట్ట మీద ప్రోబ్ పెట్టి అంచనా వేస్తామంటే నాకు టెన్షనే. గొట్టం వేస్తే సిర ఎంత లావుందో, దాని మీద ఎర్రని మచ్చలున్నాయో కళ్లారా చూస్తాను. అవసరమైతే అప్పుడే ఉబ్బిన సిరకు రబ్బరు బ్యాండ్ వేసి బిగిస్తాను.

స్కానింగ్ డాక్టర్: తొలిదశలో ఉన్నవాళ్ల సంగతి చెప్పండి సార్. చాలామందిలో బ్యాండ్ వేయాల్సినంత వేరిసెస్ ఉండవు. అయినా పరగడుపున వచ్చి, భయపడుతూ గొట్టం మింగి, రెండు మూడేళ్లకు మళ్లీ అదే పని.

ఎండోస్కోపీ డాక్టర్: పోర్టల్ సిర 13 మిల్లీమీటర్లు దాటిందని రిపోర్టు వస్తుంది. లోపల చూస్తే ఏమీ ఉండదు. సిర మామూలుగా ఉందన్నవాళ్లలో పెద్ద వేరిసెస్ ఉంటాయి.

స్కానింగ్ డాక్టర్: నిజమే. ఆ ఒక్క కొలతతో తేల్చేస్తే నాకూ కోపం వస్తుంది. పక్కదారులు తెరుచుకున్నాక సిర లావు నమ్మదగింది కాదు. అందుకే కొలతల్ని కలిపారు. 2003లో ప్లేట్‌లెట్ల సంఖ్యను ప్లీహం పొడవుతో భాగించి, 909ని హద్దుగా పెట్టారు. తర్వాత తరంగం పంపి కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీ వచ్చింది. 2015లో బవేనో నిపుణులు, అంటే పోర్టల్ పీడనం మీద మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ బృందం, చెప్పింది ఇదీ: గట్టిదనం 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే ఎండోస్కోపీ అక్కర్లేదు. అలా వదిలేసినవాళ్లలో ప్రమాదకరమైన వేరిసెస్ ఉండేది వందకు ఐదుగురిలోపే.

ఎండోస్కోపీ డాక్టర్: ఆ ఐదుగురూ అర్ధరాత్రి వచ్చేది నా దగ్గరికే. పైగా పొట్టలో నీరుంటే మీ తరంగం కాలేయం దాకా పోదు. భోంచేసి వచ్చినా, హెపటైటిస్ ఉధృతంగా ఉన్నా అంకె పెరుగుతుంది.

స్కానింగ్ డాక్టర్: పెరిగితే మీ దగ్గరికే పంపుతాను, మహా అయితే ఒక ఎండోస్కోపీ ఎక్కువవుతుంది. నా భయం పోర్టల్ సిరలో గడ్డ. అంకె తక్కువే వస్తుంది, వేరిసెస్ మాత్రం పెద్దవిగా ఉంటాయి. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో సిరను చూడకుండా అంకెను నమ్మకూడదు.

ఎండోస్కోపీ డాక్టర్: మరి అంకె బాగా ఎక్కువ వస్తే?

స్కానింగ్ డాక్టర్: అక్కడే ప్రశ్న మారింది సార్. పీడనం పెరిగినవాళ్లకు దాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు ముందే ఇస్తే పొట్టలో నీరు చేరడం తగ్గుతుందని 2019లో తేలింది. వైరస్ వల్లో మద్యం వల్లో వచ్చిన జబ్బులో గట్టిదనం 25 దాటితే, పీడనం పెరిగినట్టే లెక్క. ఆ మందుల్లో ఒకటైన కార్వెడిలాల్ మొదలుపెడితే వేరిసెస్ కోసం వెతకడానికి గొట్టం అక్కర్లేదు.

ఎండోస్కోపీ డాక్టర్: ఆస్తమా ఉన్నవాళ్లకు, బీపీ బాగా తక్కువున్నవాళ్లకు ఆ మందు ఎలా ఇస్తారు?

స్కానింగ్ డాక్టర్: ఇవ్వలేం. వాళ్లకు మీ గొట్టమే దిక్కు.

ఎండోస్కోపీ డాక్టర్: సరే, వదిలేసినవాళ్లను మళ్లీ ఎప్పుడు చూస్తారు?

స్కానింగ్ డాక్టర్: ఏడాదికోసారి గట్టిదనం, ప్లేట్‌లెట్లు. ఏది హద్దు దాటినా మీ దగ్గరికే.

ఎండోస్కోపీ డాక్టర్: ఆ తేదీ రిపోర్టులో రాసివ్వండి మేడమ్. ఎండోస్కోపీ అక్కర్లేదన్న మాట ఒక్కటే చదివి, మళ్లీ రానివాళ్లను చాలామందిని చూశాను.