పోస్టులు ఖాళీగా పెట్టి నర్సులు దొరకట్లేదంటే ఎలా?

ప్రభుత్వాసుపత్రుల్లో నర్సులు ఎందుకు చాలడం లేదని అడిగితే ఎక్కడైనా మొదట వచ్చే జవాబు "మనుషులు దొరకట్లేదండీ" అనే. అందులో కొంత నిజముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో సుమారు 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకో 58 లక్షల మంది కావాలి. కానీ చదువు పూర్తయి, రిజిస్ట్రేషన్ చేతిలో ఉండి కూడా పోస్టు రాక ఖాళీగా ఉన్నవాళ్లు, వచ్చిన ఉద్యోగంలో నలిగిపోయి మానేసినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. పైగా మంజూరైన పోస్టుల సంఖ్య చాలాచోట్ల ఎప్పుడో పడకలు తక్కువున్న రోజుల్లో వేసిన లెక్క, దాన్ని కూడా పూర్తిగా నింపరు. జీతాల ఖర్చు మిగిలిందని సర్దుకుంటారు.

ఇద్దరుండాల్సిన వార్డులో నైట్ డ్యూటీకి ఒక్కరే ఉంటే ఏమవుతుంది? ఇంజెక్షన్లు, సెలైన్లు ఎలాగోలా అయిపోతాయి, చార్టులో టైమ్ వేసి సంతకం పెట్టాలి కాబట్టి. ఆగిపోయేవి వేరే ఉన్నాయి. కదల్లేని రోగిని గంటకో రెండు గంటలకో పక్కకు తిప్పడం, ఊపిరి కాస్త వేగంగా ఆడుతోందని గమనించడం, ఇంటికెళ్లాక మందులు ఎలా వేసుకోవాలో కూర్చుని చెప్పడం. ఇవి జరగలేదని ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. కొన్నాళ్లకు నడుం దగ్గర పుండుగానో, ఐసీయూ కేసుగానో బయటపడతాయి, అప్పుడు సంజాయిషీ అడిగేది మళ్లీ ఆ నర్సునే. పోస్టు నింపనివాళ్లను ఎవరూ అడగరు, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక నర్సు చూసుకోవాల్సిన సర్జరీ రోగుల్లో ఒక్కొక్కరు పెరిగేకొద్దీ 30 రోజుల్లోపు రోగి మరణించే అవకాశం 7 శాతం, ఆ నర్సు పూర్తిగా అలిసిపోయి విసిగిపోయే అవకాశం 23 శాతం ఎక్కువగా కనిపించాయి. అంటే రోగినీ నర్సునూ దెబ్బతీస్తున్న కారణం ఒకటే. ఒకరు మానేస్తే ఆ బెడ్లు మిగిలినవాళ్ల మీద పడతాయి, డబుల్ డ్యూటీలు, రద్దయిన సెలవులు, ఆ తర్వాత ఇంకొకరు. కాంట్రాక్టు మీద కొత్తవాళ్లను తెచ్చినా, వాళ్లకు పని నేర్పాల్సిన సీనియర్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు.

డబ్బు లేదంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2016 నుంచి కొన్ని ప్రభుత్వాసుపత్రుల వార్డుల్లో పగలు సగటున నలుగురు రోగులకు, రాత్రి ఏడుగురికి ఒక నర్సు తప్పనిసరి. 2021లో వచ్చిన అధ్యయనం చూస్తే ఆ ఆసుపత్రుల్లో మరణాలు తగ్గాయి, రోగులు త్వరగా ఇంటికెళ్లారు, తిరిగి చేరడాలు అదుపులో ఉన్నాయి, అలా మిగిలిన డబ్బు అదనపు నర్సుల ఖర్చుకు రెట్టింపు దాటింది.

కాబట్టి ఎంతమంది రోగులకు ఒక నర్సు అన్నది సర్క్యులర్‌లో సరిపోదు, చట్టంలో ఉండాలి. ఈ షిఫ్ట్‌కు ఎంతమంది ఉండాలో, ఎంతమంది ఉన్నారో వార్డు గుమ్మం దగ్గర రోగుల బంధువులకు కనిపించేలా రాయాలి. తక్కువున్న రోజు కొత్త అడ్మిషన్లను వేరే వార్డుకు పంపించే అధికారం డ్యూటీలో ఉన్న ఇన్‌చార్జి సిస్టర్‌కు ఇవ్వాలి, అలా పంపించినందుకు మర్నాడు ఆమెకు మెమో రాకూడదు.